పరిశోధన స్థానంలో చిన్న రౌటర్ అమరిక: అంతర్జాల అనుసంధానం, దూర క్షేత్రంతో సురక్షిత సంబంధం

వ్యవసాయ పరిశోధన స్థానాలలో కార్యాలయ భవనం ఒకచోట, ప్రయోగ క్షేత్రం మరొకచోట ఉండటం సర్వసాధారణం. ఒకప్పుడు పరిశీలకుడు ఉదయమే సైకిల్‌పై వెళ్ళి వర్షమాపకం, ఉష్ణమాపకాలు చూసి పుస్తకంలో వ్రాసుకొని వచ్చేవాడు. నేడు స్వయంచాలిత వాతావరణ కేంద్రం, నేల తేమ గ్రాహకాలు, బిందు సేద్యపు కవాటాలను తెరిచి మూసే నియంత్రకం, కొన్నిచోట్ల కెమెరా, ఇవన్నీ క్షేత్రంలోనే ఉండి సమాచారాన్ని కార్యాలయానికి పంపవలసి ఉన్నది. వీటి కొనుగోలుకు లక్షల రూపాయలు వెచ్చించే ప్రాజెక్టులు, వీటిని కలిపే రౌటర్ విషయంలో మాత్రం అంగడిలో దొరికినది తెచ్చి, పెట్టెలోంచి తీసి, మీట నొక్కి ఊరుకుంటున్నవి. కంది పూత దశలో పడిన రెండు వర్షాల లెక్క, నేల తేమ ఎప్పుడు పడిపోయినదన్న వివరం ఒకసారి జారిపోతే ఆ సంవత్సరానికి తిరిగి రావు. కాబట్టి రౌటర్ అమరికను కూడా ప్రయోగ పద్ధతిలో ఒక భాగంగానే పరిగణించవలసి ఉన్నది.

ఈ వ్యాసంలో ఒక నమూనా పరిస్థితిని తీసుకొని వివరించడం జరుగుతున్నది. కార్యాలయంలో పది కంప్యూటర్లు, రెండు ప్రింటర్లు ఉన్నవి; ఫైబర్ బ్రాడ్‌బ్యాండ్ ఉన్నది. సుమారు పన్నెండు కిలోమీటర్ల దూరంలోని క్షేత్రంలో తీగ సౌకర్యం లేదు. సెల్‌ఫోన్ సంకేతం ఉన్నది కనుక సిమ్ కార్డుతో పనిచేసే రౌటర్‌ను అక్కడ ఉంచారు. కార్యాలయంలో కూర్చున్న శాస్త్రవేత్త క్షేత్రంలోని లాగర్‌ను చూడగలగాలి, బయటివారెవ్వరూ చూడలేకపోవాలి. కావలసినది ఇంతే.

చిరునామాల ప్రణాళిక

రౌటర్‌ను ముట్టుకొనే ముందు కాగితంపై చేయవలసిన పని ఒకటున్నది. పొలంలో మళ్ళు విభజించేముందు క్షేత్రపటం గీసుకున్నట్లే, జాలంలోని ప్రతి పరికరానికి ఏ చిరునామా ఇవ్వాలో ముందుగా నిర్ణయించుకోవాలి. అంతర్గత జాలాల కోసం 10 తో మొదలయ్యే చిరునామాలు, 172.16 నుండి 172.31 వరకు ఉన్నవి, 192.168 తో మొదలయ్యేవి ప్రత్యేకంగా కేటాయించబడినవి. ఇవి అంతర్జాలంలో నేరుగా ప్రయాణించవు. అందుచేత ఎవరైనా తమ ప్రాంగణంలో వాడుకోవచ్చు.

చిక్కు ఇక్కడే మొదలవుతుంది. అంగడి నుండి తెచ్చిన రౌటర్లలో అధికభాగం 192.168.1.1 లేదా 192.168.0.1 అన్న చిరునామాతో వస్తాయి. కార్యాలయంలో ఒకటి, క్షేత్రంలో ఒకటి యథాతథంగా పెడితే రెండుచోట్లా ఒకే వరుస చిరునామాలు నడుస్తాయి. విడివిడిగా ఉన్నంతకాలం ఏ ఇబ్బందీ కనబడదు. రెండింటినీ కలపగానే కార్యాలయ కంప్యూటర్ 192.168.1.11 అనే లాగర్‌ను తన గదిలోనే వెదుకుతుంది. పన్నెండు కిలోమీటర్ల అవతల దానికి పట్టదు. ఒకే పేరు గల రెండు గ్రామాలకు ఒకే పిన్‌కోడ్ ఇచ్చినట్లు అవుతుంది. దూర క్షేత్రాలను కలిపే ప్రయత్నాలు తొలిరోజే విఫలం కావడానికి ఇది ముఖ్యమైన కారణాలలో ఒకటి.

కనుక కార్యాలయానికి 10.20.1.0 వరుసను, క్షేత్రానికి 10.20.2.0 వరుసను, రెండింటి నడుమ ఏర్పరచే సొరంగానికి 10.20.9.0 వరుసను కేటాయించడం మేలు. ఒక్కొక్క వరుసలో 254 పరికరాలకు చోటున్నది. చిన్న స్థానానికి ఇది ఎక్కువే. మూడవ క్షేత్రం వచ్చినపుడు 10.20.3.0 సిద్ధంగా ఉంటుంది. ఇంట్లో రౌటర్లు సాధారణంగా 192.168 వరుసలో ఉంటాయి కనుక, శాస్త్రవేత్త ఇంటినుండి కలిసినా ఈ ప్రణాళికతో ఘర్షణ రాదు.

కంప్యూటర్లకు, ఫోన్లకు చిరునామాలను రౌటరే పంచిపెడుతుంది. ఈ పంపిణీని 10.20.1.100 నుండి 10.20.1.199 వరకు పరిమితం చేసి, మిగిలినవి స్థిర పరికరాలకు విడిచిపెట్టాలి. ప్రింటర్, లాగర్, పంపు నియంత్రకం మాత్రం ఎన్నడూ మారని చిరునామాలో ఉండాలి. క్షేత్రంలో రౌటర్‌కు 10.20.2.1, వాతావరణ లాగర్‌కు 10.20.2.11, నేల తేమ గ్రాహకాల సేకరిణికి 10.20.2.12, పంపు నియంత్రకానికి 10.20.2.21 అని వ్రాసి పెట్టుకొన్న కాగితాన్ని ప్రయోగ పుస్తకంలోనే అతికించడం ఉత్తమం. చేసినవారు బదిలీపై వెళ్ళినా పుస్తకం స్థానంలోనే ఉంటుంది.

కార్యాలయ అంతర్జాల అనుసంధానం

ఫైబర్ తీగ చివర సేవాసంస్థ అమర్చే పెట్టె చాలాచోట్ల తానే ఒక రౌటర్. దాని వెనుక కార్యాలయం తన సొంత రౌటర్‌ను కలిపితే చిరునామాల మార్పిడి రెండుసార్లు జరుగుతుంది. వెబ్ పుటలు చూడటానికి దీనివల్ల నష్టం లేదు. బయటినుండి లోనికి రావలసిన సంబంధం మాత్రం మొదటి పెట్టె దగ్గరే ఆగిపోతుంది. సేవాసంస్థకు చెప్పి ఆ పెట్టెను బ్రిడ్జి పద్ధతికి మార్పించి, వాడుకరి పేరు, పాస్‌వర్డ్‌లను కార్యాలయ రౌటర్‌లో నమోదు చేయాలి. పీపీపీఓఈ అనే ఈ పద్ధతిలో కొన్ని సంస్థలు వీలాన్ సంఖ్యను కూడా కోరతాయి. ఆ సంఖ్యను అడిగి తెలుసుకోకపోతే పేరు, పాస్‌వర్డ్ సరైనవే అయినా సంబంధం కుదరదు.

సంబంధం కుదిరిన తరువాత రౌటర్ స్థితి పుటలో బయటి చిరునామాను పరిశీలించాలి. అది 10 తోనో, లేక 100.64 నుండి 100.127 మధ్యనో మొదలైతే, సేవాసంస్థ ఒకే బహిరంగ చిరునామాను అనేకమంది వినియోగదారులకు కలిపి ఇస్తున్నదని అర్థం. చిరునామాల కొరత వలన 2012లో ఈ రెండవ వరుసను ఈ అవసరానికే కేటాయించారు. ఈ స్థితిలో బయటినుండి ఎవరూ కార్యాలయ రౌటర్‌ను చేరలేరు. కొద్దిపాటి అదనపు రుసుముతో స్థిరమైన బహిరంగ చిరునామాను సేవాసంస్థ నుండి పొందడం దీనికి మార్గం. సిమ్ కార్డుపై నడిచే క్షేత్ర రౌటర్‌కు కూడా సాధారణంగా ఇదే స్థితి ఉంటుంది. అయితే అక్కడ బహిరంగ చిరునామా అవసరం లేదు. ఎందుకన్నది తరువాతి భాగంలో తేటపడుతుంది.

రౌటర్‌లో మొదటి అరగంటలో చేయవలసిన మార్పులు కొన్నే, కాని తప్పనిసరి. పెట్టెతో వచ్చిన పాస్‌వర్డ్‌ను మార్చాలి. 2016లో మిరాయ్ అనే దుష్ట ప్రోగ్రాము లక్షలాది కెమెరాలను, రౌటర్లను వశపరచుకొన్నది. అందుకు వాడినది అరవైకి పైబడిన తయారీదారుల పాస్‌వర్డ్‌ల జాబితా మాత్రమే. దానిలో గొప్ప నైపుణ్యమేమీ లేదు. తరువాత రౌటర్‌లోని మూల ప్రోగ్రామును తాజా రూపానికి మార్చాలి. బయటి అంతర్జాలం వైపునుండి రౌటర్ నియంత్రణ పుట తెరుచుకొనే సౌకర్యాన్ని మూసివేయాలి. వైఫైకి కనీసం డబ్ల్యూపీఏ2, వీలుంటే డబ్ల్యూపీఏ3 రక్షణ ఉండాలి. సందర్శనకు వచ్చే రైతులకు, గ్రామీణ అనుభవ కార్యక్రమంలో వచ్చే విద్యార్థులకు వేరుగా అతిథి వైఫై ఏర్పరచి, దానినుండి లోపలి కంప్యూటర్లకు దారి లేకుండా చేయాలి. అతిథిని ఆదరించడం వేరు, ధాన్యపు గది తాళం ఇవ్వడం వేరు.

పోర్టు తెరవడంలోని ప్రమాదం

దూర పరికరాన్ని చూడటానికి సాంకేతిక సిబ్బంది తరచుగా సూచించే సులభ మార్గం పోర్టు ఫార్వర్డింగ్. బయటినుండి ఫలానా సంఖ్య గల పోర్టుకు వచ్చిన ప్రతి అభ్యర్థననూ లోపలి ఫలానా పరికరానికి అందించమని రౌటర్‌కు చెప్పడమే ఇది. ఐదు నిమిషాలలో పని పూర్తవుతుంది. ఇబ్బంది ఏమిటంటే ఆ ద్వారం శాస్త్రవేత్తకు తెరుచుకున్నట్లే లోకమంతటికీ తెరుచుకుంటుంది. అంతర్జాలంలోని చిరునామాలన్నింటినీ రాత్రింబవళ్ళు తట్టి చూసే యంత్రాలు ఉన్నవి. తెరిచిన ద్వారం వాటి కంటబడటానికి ఎంతోకాలం పట్టదు.

పంపు నియంత్రకాల విషయంలో ఇది మరింత తీవ్రం. పారిశ్రామిక నియంత్రకాలు మాట్లాడుకొనే మోడ్‌బస్ అనే భాష 1979లో రూపొందినది. ఒకే ప్రాంగణంలో, ఒకే తీగపై ఉన్న యంత్రాల కోసం చేసినది కనుక అందులో పాస్‌వర్డ్ అన్న భావనే లేదు. జాలంపై అది 502 అనే పోర్టును వాడుతుంది. ఆ పోర్టును బయటికి తెరిస్తే, దానిని చేరగల ఎవరైనా మోటారును నడపవచ్చు, కవాటాన్ని తెరవవచ్చు. బోరులో నీరు లేనపుడు మోటారు తిరిగి కాలిపోవడం ఒక నష్టం. అంతకంటె పెద్ద నష్టం కంటికి కనబడనిది. నీటి యాజమాన్య ప్రయోగంలో ఒక ట్రీట్‌మెంట్‌కు షెడ్యూలు తప్పి ఒక రాత్రి నీరందితే, పునరావృతాలు ఎన్ని ఉన్నా ఆ ట్రీట్‌మెంట్ తన పేరు చెప్పుకొనే అర్హత కోల్పోతుంది. గణాంక విశ్లేషణ ఆ దోషాన్ని పసిగట్టకపోవచ్చు. తప్పుడు ఫలితం సిఫారసుగా మారి రైతు పొలానికి చేరే అవకాశం కూడా ఉన్నది. అందుచేత పంపు నియంత్రకానికి, లాగర్‌కు, కెమెరాకు పోర్టు ఫార్వర్డింగ్ ఏ పరిస్థితిలోనూ వాడరాదు.

సొరంగ మార్గం

దీనికి ప్రత్యామ్నాయం వీపీఎన్, అనగా రెండు రౌటర్ల నడుమ బహిరంగ అంతర్జాలం గుండానే వెళ్ళే రహస్య సొరంగం. అందులో ప్రయాణించే సమాచారం సంకేతలిపిలో ఉంటుంది. సరైన తాళపుచెవి లేనివారికి లోనికి ప్రవేశం ఉండదు. ఇందుకు ఐపీసెక్, ఓపెన్ వీపీఎన్, వైర్‌గార్డ్ అనే పద్ధతులు వాడుకలో ఉన్నవి. పాత రౌటర్లలో కనిపించే పీపీటీపీ భద్రత లేనిదని ఎప్పుడో తేలిపోయినది, దానిని ఎంచుకోరాదు. చిన్న కార్యాలయానికి వైర్‌గార్డ్ అనువైనది. అమరికలో పూరించవలసిన అంశాలు తక్కువ, తక్కువ సామర్థ్యం గల రౌటర్‌పై కూడా వేగంగా నడుస్తుంది. 2020 మార్చిలో విడుదలైన 5.6 రూపం నుండి ఇది లినక్స్ కెర్నెల్‌లోనే భాగమైనది. కొనుగోలు సమయంలో రౌటర్‌లో ఈ సౌకర్యం ఉన్నదో లేదో అడిగి తెలుసుకోవడం అవసరం. టెండరు నిర్దేశాలలో ఈ ఒక్క వాక్యం చేర్చకపోవడం వల్ల తరువాత మరొక రౌటర్ కొనవలసి వస్తుంది.

ప్రతి రౌటర్ ఒక జత తాళపుచెవులను తయారు చేసుకుంటుంది. వాటిలో ఒకటి బహిరంగం, మరొకటి రహస్యం. బహిరంగ చెవులను మాత్రమే పరస్పరం ఇచ్చిపుచ్చుకోవాలి. రహస్య చెవి తాను పుట్టిన రౌటర్‌ను విడిచి వెళ్ళరాదు; వాట్సాప్‌లో పంపడం అసలే కూడదు.

సొరంగానికి పిలుపు ఎవరు ఇవ్వాలన్నది కీలకమైన ప్రశ్న. స్థిరమైన బహిరంగ చిరునామా కార్యాలయానికి ఉన్నది. క్షేత్ర రౌటర్ సిమ్ కార్డు వెనుక దాగి ఉన్నది, దానిని బయటినుండి ఎవరూ పిలవలేరు. కాని అది బయటికి పిలవగలదు. కనుక క్షేత్ర రౌటర్ పిలిచేదిగా, కార్యాలయ రౌటర్ వినేదిగా అమర్చాలి. కార్యాలయ రక్షణగోడలో యూడీపీ 51820 అనే ఒక్క పోర్టును తెరిస్తే చాలును. ఈ పోర్టును అపరిచితులు తట్టినా వైర్‌గార్డ్ బదులు పలకదు. అక్కడ ద్వారం ఉన్నదన్న సంగతే వారికి తెలియదు.

క్షేత్ర రౌటర్‌లో మరొక అంశం పూరించాలి. సెల్‌ఫోన్ జాలం కొంతసేపు కదలిక లేని సంబంధాన్ని మరచిపోతుంది. అపుడు క్షేత్రం కార్యాలయానికి పంపగలదేగాని కార్యాలయం క్షేత్రాన్ని చేరలేదు. ప్రతి 25 సెకన్లకు ఒక చిన్న పలకరింపును పంపమని క్షేత్ర రౌటర్‌లో నిర్దేశిస్తే ఈ సమస్య తీరుతుంది. దీనికయ్యే డేటా లెక్కలోనికి రానంత స్వల్పం.

ఇక ఏ చిరునామాలను సొరంగంలోనికి అనుమతించాలన్నది. కార్యాలయ రౌటర్‌లో క్షేత్రపు వరుస 10.20.2.0ను, క్షేత్ర రౌటర్‌లో కార్యాలయపు వరుస 10.20.1.0ను, వాటితోపాటు ఎదుటి రౌటర్ సొరంగ చిరునామాను నమోదు చేయాలి. కొందరు క్షేత్రం వైపున అన్ని చిరునామాలనూ అనుమతిస్తారు. అపుడు క్షేత్రంలోని ఫోను చూసే ప్రతి వీడియో కూడా కార్యాలయం గుండా తిరిగి వెళుతుంది. అది అనవసరపు భారం. సొరంగం ఏర్పడినంత మాత్రాన అందరికీ అన్నీ కనబడరాదు. వాతావరణ లాగర్‌ను కార్యాలయమంతా చూడవచ్చునుగాని పంపు నియంత్రకాన్ని ప్రయోగ బాధ్యుని కంప్యూటర్ ఒక్కటే చేరేటట్లు రక్షణగోడలో నియమం వ్రాయాలి.

ఇంటినుండి లేదా ప్రయాణంలో చూడదలచిన శాస్త్రవేత్తలకు ఒక్కొక్కరికి ఒక్కొక్క తాళపుచెవి ఇవ్వాలి. అందరూ ఒకే చెవిని వాడుకొనే ఏర్పాటు మొదట సౌకర్యంగానే కనబడుతుంది. పరిశోధన సహాయకుడు ఉద్యోగం మారినపుడు ఆ ఒక్క చెవిని రద్దు చేస్తే అందరి పనీ ఆగిపోతుంది; రద్దు చేయకపోతే వెళ్ళినవారి చేతిలో అది ఉండిపోతుంది. ఆచరణలో రెండవదే జరుగుతుంది.

తరచుగా ఎదురయ్యే దోషాలు

సొరంగం కుదిరినట్లు రెండు రౌటర్లూ చూపుతున్నవి, క్షేత్రంలో ల్యాప్‌టాప్ పెట్టి చూస్తే లాగర్ పలుకుతున్నది, కార్యాలయం నుండి మాత్రం పలకదు. ఇటువంటపుడు తొందరపడి సొరంగాన్ని మార్చరాదు. లాగర్‌లో గేట్‌వే అన్న గడి ఖాళీగా ఉన్నదేమో ముందు చూడాలి. అభ్యర్థన లాగర్‌ను చేరుతుంది. జవాబును తన వరుసకు వెలుపల ఉన్న చిరునామాకు ఏ దారిన పంపాలో లాగర్‌కు తెలియదు. ఆ గడిలో 10.20.2.1 అని నింపితే పని పూర్తవుతుంది. క్షేత్రంలో ఉన్నవారికి లాగర్ బాగానే కనిపిస్తుంది కనుక ఈ చిన్న లోపం దొరకక రోజులు గడిచిపోతాయి.

మరొక వింత దోషం కూడా ఉన్నది. పలకరింపులకు జవాబు వస్తుంది, ప్రవేశ పుట తెరుచుకుంటుంది, కాని దత్తాంశాల ఫైలు దించుకోబోతే మధ్యలో నిలిచిపోతుంది. చిన్న పొట్లాలు దాటుతున్నవి, పెద్దవి ఇరుక్కుంటున్నవి. సాధారణ ఈథర్‌నెట్‌లో ఒక పొట్లం గరిష్ఠ పరిమాణం 1500 బైట్లు. పీపీపీఓఈ అందులో 8 బైట్లు తీసుకొనగా 1492 మిగులుతుంది. వైర్‌గార్డ్ పైతొడుగుకు 80 బైట్ల వరకు విడిచిపెట్టాలి. కనుక సొరంగపు ఎంటీయూ విలువను 1412గా రెండువైపులా నిర్దేశించాలి. సిమ్ జాలాలలో అవసరమైతే మరికొంత తగ్గించి చూడవచ్చు.

గడియారాల సంగతి చిన్నదిగా కనిపించినా వాతావరణ దత్తాంశాలలో దీనికంటె హానికరమైనది లేదు. మన దేశంలో దినసరి వర్షపాతాన్ని ఉదయం 8:30 గంటలకు కొలుస్తారు; అది అంతర్జాతీయ సమన్విత కాలమానంలో 3:00 గంటలు. లాగర్ అంతర్జాతీయ కాలమానంలో ఉండి అర్ధరాత్రికి రోజును ముగిస్తే, మన కాలమానంలో ఆ రోజు ఉదయం 5:30కు ముగుస్తుంది. ఉదయం ఆరు గంటలకు కురిసిన వాన చేతి వర్షమాపకంలో ఒక తేదీన, లాగర్‌లో మరొక తేదీన నమోదవుతుంది. రెండు రౌటర్లూ జాల కాలసేవ నుండి సమయాన్ని గ్రహించేటట్లు, లాగర్ క్షేత్ర రౌటర్ నుండి గ్రహించేటట్లు అమర్చి, ఏ కాలమానం వాడుతున్నారో ఫైలు శీర్షికలోనే వ్రాయాలి. 2022 ఏప్రిల్‌లో సెర్ట్-ఇన్ జారీచేసిన ఆదేశాలు ప్రభుత్వ సంస్థలు తమ వ్యవస్థల గడియారాలను జాతీయ కాలసేవలతో సరిపోల్చాలని, లాగ్‌లను 180 రోజులు భద్రపరచాలని కోరుతున్నవి. రౌటర్ లాగ్‌లను కార్యాలయ కంప్యూటర్‌కు పంపే ఏర్పాటు ఇందుకు కూడా అవసరమే.

క్షేత్ర పరిస్థితులు

డేటా అవసరం గురించి తరచుగా అపోహలుంటాయి. పది నిమిషాలకొక నమోదు చొప్పున రోజుకు 144 నమోదులు. ఒక్కొక్కటి 100 బైట్లనుకున్నా మొత్తం 15 కిలోబైట్లు దాటదు. అతి చౌకైన సిమ్ పథకం కూడా దీనికి ఎక్కువే. కెమెరా లెక్క వేరు. సెకనుకు 2 మెగాబిట్ల చొప్పున ఎడతెగక ప్రసారం చేసే కెమెరా రోజుకు 21.6 గిగాబైట్లు మింగుతుంది. రోజుకు 2 గిగాబైట్ల పథకం రెండుంబావు గంటలు కూడా గడవకముందే అయిపోయి, ఆ తరువాత లాగర్ సమాచారం కూడా నత్తనడక నడుస్తుంది. పైరు ఎదుగుదలకు గంటకొక నిశ్చలచిత్రం చాలును.

వ్యవసాయ విద్యుత్తు కొన్ని గంటలకే పరిమితమైనచోట సౌరఫలకం, బ్యాటరీ తప్పవు. 6 వాట్ల రౌటర్ రోజుకు 144 వాట్-గంటలు, అనగా 12 వోల్టుల వద్ద 12 ఆంపియర్-గంటలు వాడుతుంది. మబ్బు పట్టిన మూడు రోజులకు 36 కావాలి. లెడ్-ఆసిడ్ బ్యాటరీని సగానికంటె ఎక్కువ ఖాళీ చేయరాదు కనుక 72 ఆంపియర్-గంటలకు తగ్గని బ్యాటరీ అవసరం. నైరుతి ఋతుపవన కాలంలో ముసురు పట్టిన వారమే వర్షపాత దత్తాంశాలు ముఖ్యమైన వారం. బ్యాటరీ విషయంలో పొదుపు చేస్తే ఆ వారమే చేజారుతుంది.

రాగి ఈథర్‌నెట్ తీగ 100 మీటర్లకు మించరాదు. పిడుగుల ప్రాంతాలలో ఆ లోపు దూరానికి కూడా, ఆరుబయట పంపు గది వరకు ఫైబర్ తీగ వేయడం మంచిది. గాజుపోగు విద్యుత్ ఉప్పెనను మోసుకొని రాదు. యాంటెన్నా స్తంభానికి మంచి ఎర్తింగు ఉండాలి.

తీగ లేకుండా 2.4 గిగాహెర్ట్జ్‌లో పనిచేసే గ్రాహకాల విషయంలో వ్యవసాయ శాస్త్రవేత్తకు తెలిసి, ఇంజనీరుకు తట్టని సంగతి ఒకటున్నది. మొక్కజొన్న విత్తిన వారంలో పరీక్షించినపుడు సంకేతం దివ్యంగా ఉంటుంది. జల్లు తీసే నాటికి మనిషిని మించిన ఎత్తున, నీటితో నిండిన ఆకులు అడ్డు నిలుస్తాయి, సంకేతం క్షీణిస్తుంది. పైరు గరిష్ఠ ఎత్తును లెక్కించి, దానికి పైన యాంటెన్నాను నిలపాలి. మామిడి, టేకు వరుసల నడుమ కూడా ఇదే జాగ్రత్త అవసరం.

మార్పులు చేసే క్రమం

దూరంలోని రౌటర్‌ను సొరంగం ద్వారానే మార్చబోవడం కూర్చున్న కొమ్మను నరుక్కోవడం వంటిది. ఒక్క అంకె తప్పితే సంబంధం తెగిపోయి, సరిదిద్దడానికి పన్నెండు కిలోమీటర్లు వెళ్ళవలసి వస్తుంది. కొన్ని రౌటర్లలో, మార్పు తరువాత సంబంధం తెగితే పాత అమరికకు తానుగా తిరిగి వెళ్ళే సౌకర్యం ఉన్నది. ఉన్నచోట దానిని తప్పక వాడాలి. లేనిచోట మార్పులను క్షేత్రానికి వెళ్ళినపుడే చేయాలి. సరిగా పనిచేస్తున్న ప్రతి దశలోనూ అమరిక ఫైలును దించి, తేదీ పేరుతో కార్యాలయ కంప్యూటర్‌లో, పెన్‌డ్రైవ్‌లో భద్రపరచాలి. ఆ ఫైలులో రహస్య చెవులు కూడా ఉంటాయి కనుక బీరువాలో ఉంచదగినది.

ఖరీఫ్‌కు ముందు, మే నెలలో ఒకసారి పూర్తి పరీక్ష నిర్వహించాలి. కార్యాలయ ఫైబర్ తీగను ఒక పగలంతా తీసివేసి, తిరిగి కలిపిన తరువాత సొరంగం తనంత తానుగా కుదురుకొన్నదో లేదో చూడాలి. క్షేత్ర రౌటర్‌కు విద్యుత్తు ఆపి మళ్ళీ ఇవ్వాలి. ఆ ఖాళీ గంటల నమోదులను లాగర్ తన నిల్వలో దాచి, సంబంధం వచ్చిన వెంటనే పంపినదో లేదో 144 వరుసలనూ లెక్కించి నిర్ధారించుకోవాలి. వరుసలు తక్కువైతే లోపం రౌటర్‌లో లేదు. లాగర్‌లో నిల్వ, పునఃప్రేషణ అమరికలను సరిచూడాలి.